హోల్డులో ఉండిపోయిన బావ

మార్చి 3, సోమవారం

శుక్రవారం మెయిల్ సర్వర్ ఆపేయమని మేనేజరమ్మ చెప్పింది. ఇకమీద మా ప్రెస్సు మెయిళ్ళన్నీ బయటి కంపెనీ చూసుకుంటుందట. పదహారేళ్ళు దానికి కాపలా కాశాను. బాధగా లేదా అని అడిగింది. దాని రొద ఆగితే నా చెవులు బాగుపడతాయన్నాను.

శుక్రవారమే బైండింగు బావ కూడా రిటైరవుతున్నాడు. చుట్టం కాదు, వరస కలుపుకున్నాం. నాలుగేళ్ళుగా మాటల్లేవు. లంచ్ టైములో కేరమ్స్ ఆడుతుంటే ఎర్రకాయ మాయమైంది. నువ్వు దాచావంటే నువ్వు దాచావని అరుచుకున్నాం. అప్పటికే ఇద్దరం యాభై దాటిన పెద్దమనుషులం.

మార్చి 4

బావ ఎదురుపడ్డాడు. నన్ను చూడగానే గోడమీది క్యాలెండర్ శ్రద్ధగా చదివాడు. పోయినేడాదిది.

మార్చి 5, ఉదయం 11.00

ఆపేముందు క్యూ, అంటే ఇంకా చేరవేయని మెయిళ్ళ వరస, చూశాను. పన్నెండు మెయిళ్ళు హోల్డులో ఉన్నాయి. నాలుగేళ్ళ కిందట సర్వర్‌ని ఈ గదికి మార్చిన రోజు, ఏదీ పోకూడదని నేనే పట్టి ఆపాను. వదలడం మరిచాను. పదకొండు ప్రింటరువి: కాగితం అయిపోయింది మహాప్రభో అని. పన్నెండోది బావది. నాకే.

ఎర్రకాయ తనే దాచాడట. చెప్పడానికి ముఖం చెల్లక మెయిల్ రాస్తున్నాడట. మర్నాడు మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని తన బల్ల దగ్గరికి రావాలట. రాకపోతే బావా లేడు, బామ్మర్దీ లేడు.

నేను వెళ్ళలేదు. తెలిస్తే కదా!

11.40

ఒక్క కమాండుతో క్యూ మొత్తం తుడిచేయొచ్చు. నా నిర్వాకం కాకికి కూడా తెలియదు. కానీ బావ అలాగే వెళ్ళిపోతాడు.

మార్చి 6

ధైర్యం చాల్లేదు.

మార్చి 7, శుక్రవారం

పన్నెండున్నరకి హోల్డు తీశాను. బావ మెయిల్ నా ఇన్‌బాక్సులో పడింది. జవాబు రాశాను: ఇప్పుడే అందింది బావా, ఆపింది నేనే, క్యారేజీతో బయల్దేరుతున్నా.

అది చేరిందని లాగ్ చిట్టాలో చూసుకున్నాకే సర్వర్‌కి స్టాప్ కొట్టాను. రేపు మెషీన్ ఆన్ చేసినా లేవకుండా డిజేబుల్ కూడా చేశాను. నిద్రపోరా నాయనా అన్నాను.

నలభై అడుగుల దూరం. వెళ్ళేసరికి బైండింగు బల్లమీద పుస్తకాల కట్టలు పక్కకి జరిపి ఉన్నాయి. ఏమయ్యా బామ్మర్దీ, నాలుగేళ్ళకా రావడం, కూర చల్లారిపోయింది అన్నాడు. జిగురు డబ్బా వెనకనుంచి ఎర్రకాయ తీసి నా క్యారేజీ మూతలో వేశాడు. నవ్వి నవ్వి ఇద్దరికీ పొలమారింది. మేనేజరమ్మ పరిగెత్తుకొచ్చి నీళ్ళిచ్చింది.

మార్చి 8

బావ మా ఇంటికొచ్చాడు. కేరమ్స్ ఆడాం.

ఎర్రకాయ కనిపించడంలేదు.