పెత్రమాసకు ఇచ్చిన బియ్యం

కామాటిపుర, ముంబై

పెద్దమ్మకు, మేమంతా కులాసా. ఫోన్‌లో మాట్లాడితే పక్కగదికి వినబడుతుందని కార్డు రాస్తున్నాను.

బడిలో నా జతగత్తె సునంద పదో తరగతిలో ఇల్లు వదిలిపోయింది కదా. నా మొదటి నవలలో అది జ్వరంతో తొమ్మిదో రోజున చనిపోయినట్టు రాశాను. ముగింపు కుదరక అల్లిన మాట అది. మా గల్లీలోనే ఉండే వాళ్లమ్మ అంజమ్మ నవల చదివించుకుని, నాకు తెలిసే రాశాననుకుని, మొన్న పెత్రమాసకు చనిపోయిన పెద్దలతో పాటు కూతురి పేరున కూడా అయ్యగారికి బియ్యం ఇచ్చేసింది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం సునంద వాళ్లమ్మ ఇంటికి తిరిగి వచ్చింది. "సచ్చినోళ్ల లెక్కల బియ్యమిచ్చిన. ఇప్పుడు అన్నమెట్ల పెడ్తనే?" అని అంజమ్మ తలుపేసుకుంది. నేనే మా ఇంటికి తెచ్చుకున్నాను. ఇరవై ఏళ్లయినా బడినాటి ముఖమే. మెతుకు ముట్టదు, ఒళ్లు కాలిపోతోంది. ఇవాళ మూడో రోజు.

ఇచ్చిన బియ్యం వెనక్కి తీసుకునే దారి ఉందేమో అయ్యగారిని అడుగు. కార్డు అందిన రోజే ఫోన్ చెయ్యి. మామిడి తొక్కు చేరింది. నీ మోకాళ్లు ఎట్లున్నాయి? పెదనాన్నకు దండాలు.

నీ బిడ్డ,
భాగ్య

పేరు రాశాక ఇంకో ముక్క. ఇప్పుడే వచ్చి నా వెనక నిలబడి అడిగింది: "నీ బుక్కుల నేను ఎన్నో దినం సచ్చిననే?"

గుర్తులేదన్నాను.