మళ్ళీ పలికిన క్లారినెట్

తమ్ముడూ, నేను కులాసా, అమ్మను దిగులుపడవద్దని చెప్పు. నా చిగుళ్లు గట్టిపడ్డాయి! క్రిములను తరమాల్సిన రక్షక కణాలే రెచ్చిపోయి, పళ్లను పట్టి ఉంచే ఎముకను ఇన్నాళ్లూ తినేశాయట. ఇక్కడ ఇచ్చిన కొత్త మందు ఆ కణాలను మాత్రమే శాంతింపజేసిందని డాక్టరమ్మ చెప్పింది. ముందుపళ్లు పీకించక తప్పదని అందరూ తేల్చేశారు కదా! నిన్న ఆమె గదిలోనే భయంభయంగా క్లారినెట్ నోట పెట్టాను. పైస్వరం కూడా ఖంగుమంది, ఒక్క రక్తపు చుక్క రాలలేదు.

"ఇక చాలండీ, పేషెంట్లంతా లోపలికి వచ్చేస్తున్నారు!" అందామె నవ్వుతూ.

నేను ఆపితే కదా!

క్లారినెట్ మూతికి బిగించే కొత్త రీడ్లు వెంటనే కొని ఉంచు. వంటింటి కప్పు కారడం ఆగిందా? మరదలి దగ్గు తగ్గిందా? పిల్లలకు ఆశీస్సులు, అమ్మకు నమస్కారాలు. బ్యాండు మాస్టారితో గట్టిగా చెప్పు, నా కుర్చీలో ఇంకెవరినీ కూర్చోబెట్టవద్దని. వచ్చేస్తున్నాను!

మీ అన్నయ్య