గాటు పడని పాత ముద్ర

శ్రీవారికి నమస్కారాలు.

మీరు టిక్కెట్టు కొనేలోపే ఒక సంగతి మీకు తెలియాలి. అందుకే ఈ ఉత్తరాన్ని తపాలాలో వేయక మా అన్నయ్య చేతికిచ్చి పంపుతున్నాను. ఇక్కడ నేనూ అమ్మాయీ కులాసా. దానికి పై పళ్ళు రెండూ ఊడాయి. మీరొస్తే కిటికీ పక్క మంచం ఇవ్వనని ఇప్పటినుంచే పేచీ. అక్కడి చలికి మోకాలు పట్టేస్తోందని రాశారు. ఉన్ని మేజోళ్ళు పంపుతున్నాను. తొడుక్కోండి, పెట్టెలో దాచకండి.

శాసనసభ మళ్ళీ తెరుస్తున్న మాట నిజమేనా అని అడిగారు. నిజమే. బల్లలు కడుగుతున్నారు. సైనికులు సభ మూసిననాడు, చివరి ప్రసంగాన్ని మార్చి రాయనన్నందుకు మిమ్మల్ని దేశంనుంచే తరిమారే, మీరు పనిచేసిన ఆ లేఖకుల గదికి సున్నం కూడా వేశారు. వీధిలో జనం పెళ్ళివారిలా తిరుగుతున్నారు. సైనిక మండలి తప్పుకున్నాక వస్తున్న కొత్త ప్రభుత్వానికి రాజముద్ర చెక్కే పని నాకే వచ్చింది.

మా పద్ధతి మీకు తెలుసు. కొత్త ముద్ర తీసుకెళ్ళే రోజునే పాతదాన్ని తెచ్చి మా బల్లమీద పెట్టాలి. అందరి ఎదుటా దాని ముఖాన అడ్డంగా ఒక గాటు, నిలువుగా ఒక గాటు. ఇక దానితో ఎవరూ ఆజ్ఞలు జారీ చేయలేరు. పరాయి దొరలు వెళ్ళిననాడు మా నాన్న గాటు పెడుతుంటే, గవర్నరు పన్ను పీకించుకునేవాడిలా మొహం పెట్టాడట. దొరలు నిలబెట్టి వెళ్ళిన రాజుగారిది, రాజును దించిన శాసనసభది, సభను గుప్పిట్లో పెట్టుకున్న అధ్యక్షుడిది, అన్ని ముద్రలూ ఈ బల్లమీదికే వచ్చాయి. అధ్యక్షుణ్ణి దించిన సైనిక మండలి కూడా ఈ పద్ధతి తప్పలేదు.

మొన్న కొత్తదాని కోసం ప్రభుత్వ గుమాస్తాగారు ఉత్త చేతులతో వచ్చారు.

"సైనిక మండలి ముద్ర ఏదండీ?"

"బీరువాలో ఉందమ్మా. ఉండనిమ్మన్నారు."

"ఎవరు?"

"నాకెందుకు, మీకెందుకు తల్లీ! కొత్తది ధగధగ మెరవాలన్నారు, అంతే."

"మెరుపుకేమండీ, సైనికుల బూట్లూ మెరుస్తాయి."

ఆయన నవ్వబోయి, తలుపు వేసి ఉందో లేదో చూసుకున్నారు. కొత్త ముద్ర ఇచ్చేశాను. ఇవ్వననడానికి నాకు హక్కు లేదు.

ఇక దాచలేని మాట ఒకటుంది. ఆ సాయంత్రమే మీకు "వెంటనే రండి" అని రాశాను, పాత ముద్ర ఊసెత్తకుండా. అమ్మాయి మీ గొంతు మరిచిపోతోంది. అన్నయ్య దగ్గితే, "నాన్న ఇలాగే దగ్గేవాడా?" అని అడిగింది. అది విన్నాక మనసు ఆగలేదు. రాసింది మళ్ళీ చదువుకుంటే, మిమ్మల్ని చూడాలన్న నా ఆశ మీ ప్రాణం కంటే పెద్దదైపోయిందని భయమేసింది. చింపేశాను.

టిక్కెట్టు కొనకండి. ఆ ముద్ర నా బల్లమీదికి వచ్చిన రోజున నేనే కబురు పెడతాను.

దాన్ని మళ్ళీ వాడటానికి అట్టేపెట్టారో, జ్ఞాపకానికి అద్దాల పెట్టెలో పెట్టుకుంటారో నాకు తెలియదు. అడిగితే చెప్పేవారు కూడా ఎవరూ లేరు.

ఇట్లు,
మీ ఇల్లాలు