మూడు కాళ్ళవారి కొలతలు

చిరంజీవి మేనకోడలికి,

దర్జీ మామయ్య ఆశీస్సులు. ఇక్కడ నేను, మీ అత్తయ్య, కుట్టుమిషను క్షేమం. మిషను కాస్త ఎక్కువ క్షేమం, దానికి నూనె దొరికింది.

మీ అంతరిక్ష కేంద్రం కాపలావాళ్ళ యూనిఫారాల కొలతలు అందాయి. ఈ పని నీ మాట మీదే వచ్చిందని వీధంతా చెప్పుకుంటున్నాను. అందరి పొట్టలూ నిరుటికంటే పెరిగాయి. అంతరిక్షం ప్రశాంతంగా ఉందన్నమాట.

కానీ వాటి అడుగున ఇంకో చీటీ ఉంది. ఎప్పుడూ పంపే కొలతల చీటీయే, నీ దస్తూరీయే. తల చుట్టుకొలత చూసి టేపు పొడవు చాలదనుకున్నాను. మెడ లేదు. చేతులు లేవు. కాళ్ళు మూడు. స్త్రీయా పురుషుడా అన్నచోట ‘వర్తించదు’ అని రాశావు. పేరు అన్నచోట ‘మంత్రిగారు వచ్చాక పెడతారు’ అని ఉంది. కింద ఎర్ర సిరాతో, ‘చలి, దుమ్ము తగలకూడదు, లోపల మెత్తటి అస్తరు వేయాలి, బయటివారికి చూపరాదు’ అని.

అమ్మడూ, ఈ జుట్టు నెరిసేదాకా మనుషుల్ని కొలిచాను. గూని ఉన్నవాళ్ళను కొలిచాను, ఒక భుజం దిగినవాళ్ళను కొలిచాను. మూడు కాళ్ళవారు ఇంతవరకు నా కొట్టు మెట్లెక్కలేదు. వేరే లోకాల నుంచి వచ్చినవాళ్ళను సర్కారు దాచిపెట్టిందని మా వీధి మంగలి చెబుతుంటే ఇన్నాళ్ళూ నవ్వాను. ఇప్పుడు అతని ముఖం చూడాలంటే సిగ్గేస్తోంది.

నిజం చెప్పు. నేను ఎవరికీ చెప్పను.

ఇట్లు,
నోరు కుట్టేసుకున్న నీ మామయ్య

తా.క. మంగలికి మాత్రం చెప్పాను. అతను ఎవరికీ చెప్పడు, గడ్డం గీయించుకోవడానికి వచ్చినవాళ్ళకు తప్ప.

* * *

పూజ్యులైన మామయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నవ్వాను. నాకంటే ముందు మా గేటు దగ్గర ఉత్తరాలు విప్పే ఉద్యోగి చదివాడు. అతను నవ్వలేదు.

మామయ్యా, అది దుర్భిణి. ఆకాశాన్ని చూసే పెద్ద యంత్రం. మూడు కాళ్ళ స్టాండు మీద నిలబడుతుంది, పైన గుండ్రటి డొప్ప ఉంటుంది. దానికి తొడుగు కావాలి. మా సామాన్ల విభాగంలో తొడుగుల చీటీలు లేవు, యూనిఫారాల చీటీలే ఉన్నాయి. కొత్త చీటీ అచ్చు వేయించాలంటే, కొత్త చీటీ కావాలని అడిగే చీటీ ఉండాలి. అదీ లేదు. అందుకని ఉన్నదాంట్లోనే నింపాను. దుర్భిణికి మెడ లేకపోవడం నా తప్పు కాదు.

ఇక అసలు సంగతి. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నెలాఖరుకు తనిఖీ కమిటీ వస్తోంది. ఆలోగా తొడుగు సిద్ధంగా ఉంటే ఖాయం చేస్తానని మా అధికారి మాట ఇచ్చారు. లేకపోతే ఇక రానక్కర్లేదని సెలవు చీటీ ఇస్తారట. ఆ చీటీ మాత్రం మా దగ్గర కట్టలు కట్టలుగా ఉంది. నేను ఇంటికి వస్తే నీ కొట్టులో గుండీలు కుట్టాలి, నేను కుట్టిన గుండీ మొదటి తుమ్ముకే ఊడుతుంది. నా కోసం కాకపోయినా నీ ఖాతాదారుల కోసం త్వరగా పంపు.

ఇట్లు,
నీ మేనకోడలు (ప్రస్తుతానికి ఉద్యోగిని)

తా.క. వేరే లోకాల మాట ఉత్తరాల్లో ఎత్తకు. గేటు ఉద్యోగి ఆ వాక్యం కింద గీత గీశాడు.

* * *

చిరంజీవి మేనకోడలికీ, ముందుగా చదువుతున్న గేటు బాబుకూ ఆశీస్సులు.

దుర్భిణి అన్నావు. బాగుంది. నీ చిన్నప్పుడు చందమామ మన వెంటే నడుస్తోందని నేను చెబితే ఇప్పుడు నేను తలూపుతున్నట్టే నువ్వూ తలూపి వినేదానివి. ఒక్కటి అడుగుతాను. దాన్ని నువ్వు కంటితో చూశావా?

యంత్రానికి చలేమిటి? మీ అత్తయ్య కూడా, “ఇనుముకి మెత్తటి అస్తరెందుకండీ, ఒరుసుకుంటే ఏడుస్తుందా?” అంది. పెళ్ళయ్యాక ఆవిడ నాతో ఏకీభవించడం ఇదే మొదలు. విషయం చిన్నది కాదని అక్కడే తెలిసిపోయింది.

గుడ్డ కత్తిరించి కచ్చా కుట్లు వేశాను. దూరం నుంచి వచ్చినవాళ్ళు కదా అని రెండు జేబులు పెట్టాను. చేతులు లేనివారికి జేబులెందుకని మంగలి వెటకారం చేశాడు. మర్యాద అనేది అవసరాన్ని బట్టి ఉండదని చెప్పి పంపించాను.

అయితే నా పద్ధతి నీకు తెలుసు. ట్రయల్ చూడకుండా నా కొట్టులోంచి రుమాలు కూడా బయటికి పోదు. మంచం పట్టినవాళ్ళకైతే ఇంటికెళ్ళి తొడిగి చూసి వచ్చాను. కాబట్టి వారు ఇక్కడికి రావాలి, లేదా నేను అక్కడికి రావాలి. మూడో దారి లేదు.

ఇట్లు,
టేపు మెడలో వేసుకుని ఎదురుచూస్తున్న నీ మామయ్య

తా.క. మా ట్రయల్ గది అద్దం నిలువుగా ఉండేది. ఆ తలకు చాలదని అడ్డంగా తిప్పించాను. ఇప్పుడు అందరికీ పొట్ట మాత్రమే కనబడుతోంది, బేరాలు తగ్గాయి.

* * *

మామయ్యకు,

ఈసారి నమస్కారాలు లేవు.

ఉదయం నుంచి మా గేటు బయట జనం. ఒకావిడ కంబళి తెచ్చింది, వారికి చలిగా ఉంటుందట కదా అని. ఒక పెద్దాయన తన పెన్షను ఆగిన సంగతి అర్జీగా రాసి తెచ్చాడు. ఇక్కడివాళ్ళు వినలేదు, అక్కడివాళ్ళయినా వింటారేమోనని ఆశ. వీళ్ళందరూ ఈ మధ్యే నున్నగా గడ్డం గీయించుకున్నవాళ్ళు, లేదా అలా గీయించుకున్నవాళ్ళ భార్యలు.

మా అధికారి నన్ను పిలిచి, “మీ మామయ్యగారికి నోరు కుట్టగల దర్జీ ఎవరైనా తెలుసామ్మా?” అని అడిగారు. అందరి ముందు. నువ్వు పట్టుబట్టి కూర్చుంటే పోయేది నా ఉద్యోగం, నీ అద్దం కాదు.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను, దుర్భిణిని నేను కంటితో చూడలేదు. ఆ గది తాళం అధికారి దగ్గరే ఉంటుంది. జీతం పంపేవాళ్ళను కూడా నేను చూడలేదు, అయినా జీతం వస్తోంది కదా.

కేంద్రం వారు నీకు అధికారికంగా రాసిన లేఖ జతచేస్తున్నాను. అందులో ఒకటే వాక్యం: ‘మా వద్ద గ్రహాంతరవాసులు ఎవరూ లేరు, ఉన్నచో వారి కొలతలు వెల్లడించబడవు.’ ఇది చదివి, నోరు మూసి, తొడుగు పంపు.

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క. జేబులకు మూత ఉందా అని గేటు బాబు అడుగుతున్నాడు. నేను అడగడం లేదు.

* * *

చిరంజీవి మేనకోడలికి, మూత ఉందని గేటు బాబుకి.

లేఖ అందింది. ఫ్రేము కట్టించి కొట్టులో తగిలించాను. మా వీధి మురుగు కాలువ పొంగుతోందని సర్కారుకు రాసి రాసి నా చేతిరాత బాగుపడింది, జవాబు మాత్రం రాలేదు. అందరికీ కనిపించే కాలువ గురించి నోరు విప్పనివాళ్ళు, లేనే లేనివాళ్ళ గురించి ముద్ర వేసి మరీ వెంటనే జవాబిచ్చారు. వారి పలుకుబడి ఏపాటిదో ఆలోచించు. ‘ఉన్నచో’ అన్న మాట దగ్గర మంగలి కత్తి పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

సరే, అది అలా ఉంచు. నిన్ను అందరి ముందూ నిలబెట్టి అడిగారని చదివాక అన్నం సహించలేదు. నీ చదువు కోసం మీ అమ్మ నా కొట్టులో కూర్చుని కాజాలు కుట్టింది. ఆ ఉద్యోగం నా మూలంగా పోతే మా అక్క ముఖం ఎలా చూడను?

అందుకే మొదటిసారి నా పద్ధతి వంచుతున్నాను. తొడుగు పార్సిలు చేశాను. ట్రయల్ నువ్వే చూడు. ఎక్కడ బిగుతో, ఎక్కడ వదులో కంటితో చూసి రాస్తే, నేనే వచ్చి మీ గేటు దగ్గర కూర్చుని పక్కా కుట్టు వేసి ఇస్తాను. చూడకుండా చూశానని మాత్రం రాయకు.

ఇట్లు,
నీ మామయ్య

తా.క. గుండుసూదులు జాగ్రత్త. వారికి నొప్పి ఎక్కడుంటుందో మనకు తెలియదు.

* * *

పూజ్యులైన మామయ్యకు నమస్కారాలు.

ఈ ఉత్తరాన్ని గేటు బాబు విప్పకుండా తనే తెచ్చి నీకు ఇస్తాడు. నీ కొట్టు చూడాలని సెలవు పెట్టాడు.

తొడుగు పట్టుకెళ్ళి ట్రయల్ చూడాలన్నాను. అధికారి ముఖం పాలిపోయింది. రేపు కమిటీ వస్తుంటే ట్రయలేమిటన్నారు. చూడకపోతే దర్జీ పక్కా కుట్టు వేయడని చెప్పాను. చాలాసేపు నన్నూ తొడుగునూ మార్చి మార్చి చూసి, చివరికి తాళం తీశారు.

గదిలో దుర్భిణి లేదు. నువ్వనుకున్నవారూ లేరు. కొత్త సున్నం వేసిన గోడలు, నేల మీద సుద్దతో గీసిన మూడు గుండ్రాలు, అంతే. దుర్భిణికి గది కట్టారు, కాపలా పెట్టారు, దాన్ని చూసుకోవడానికి ఒక అధికారిని వేశారు. కొనడం ఒక్కటే మరిచిపోయారు. కమిటీ వచ్చినప్పుడల్లా, తొడుగు లేదు కాబట్టి తలుపు తీస్తే దుమ్ము పడుతుందని చెప్పి తిప్పి పంపుతున్నారట. పోయినసారి వచ్చిన కమిటీ, ముందు తొడుగు కుట్టించండని ఆదేశించింది. ఈ కథంతా అందుకు వచ్చింది.

నువ్వన్నది సగం నిజం మామయ్యా. సర్కారు దాస్తోంది. దాచడానికి ఏమీ లేదన్న సంగతి దాస్తోంది.

ఇక చేసేదేముంది, మూడు వెదురు కర్రలు పాతి, పైన గంప బోర్లించి, నీ కచ్చా కుట్ల తొడుగే తొడిగాం. మర్నాడు కమిటీ వచ్చింది. దుర్భిణి అని చెప్పడానికి అధికారి గొంతు సవరించుకున్నారు. ఈలోగా కమిటీ పెద్దాయన మూడు కాళ్ళూ చూశాడు, మెడ లేకపోవడం చూశాడు, జేబులు చూశాడు. చూసి, మెల్లగా చెప్పులు విప్పాడు.

“వారు నిద్రపోతున్నారా?” అని నన్ను అడిగాడు.

అధికారి నావైపు చూశారు. నా ఉద్యోగం ఆ గంప కింద వేలాడుతోంది.

“ఇప్పుడేనండీ, కళ్ళు మూసుకున్నారు,” అన్నాను.

తొడుగు తీయమని ఎవరూ అడగలేదు. అడుగులో అడుగు వేసుకుంటూ బయటికి వెళ్ళి, అంతా సంతృప్తికరం, ఈ విషయం దేశంలో ఎవరికీ తెలియరాదు అని రాసి సంతకాలు చేశారు. నా ఉద్యోగం ఖాయమైంది. రోజూ తాళం తీసి, కర్రల పక్కన కూర్చుని, సాయంత్రం తాళం వేయడం నా పని. మధ్యలో గట్టిగా మాట్లాడకూడదు.

అమ్మకు ఉద్యోగం ఖాయమైందన్నంతవరకే చెప్పు.

ఇట్లు,
నీ మేనకోడలు, అతిథి సంరక్షణ విభాగం

తా.క. వారు ఒంటరిగా ఉంటే బెంగ పెట్టుకుంటారని, వెంటనే ఒక తోడును కూడా సమకూర్చాలని కమిటీ సిఫారసు చేసింది. ఈసారి కొలతలు నీ ఇష్టం. కాళ్ళు ఎన్నో మాత్రం ముందుగా రాయి, వెదురు కర్రలు తెప్పించాలి.