అమ్మకు వచ్చింది గ్యాస్ కాదు

ఆర్మూర్

బిడ్డ మానసకు,

బాపు దీవెనలు. ఇక్కడ మేము కుదురుగానే ఉన్నాం. పోలీసు శిక్షణలో తిండి, నిద్ర నీకు సరిపడుతున్నాయని తలుస్తున్నాను.

పసుపు అమ్మారా అని పోయిన ఉత్తరంలో అడిగావు. అమ్మేశాం. మక్కలు ఇంకా కల్లంలోనే ఉన్నాయి. అమ్మ ఫోన్లో రెండు మాటలకే ఎందుకు ఆయాసపడుతున్నదని కూడా అడిగావు. అంతకుముందు ఫోన్లో గ్యాస్ అని చెప్పాను. అది అబద్ధం బిడ్డా. అమ్మకు గుండెపోటు వచ్చింది. నిజామాబాద్‌లో స్టెంటు వేశారు. ప్రాణానికి భయం లేదన్నారు.

మార్కెట్ యార్డులో పసుపు కుప్ప పోసి బేరం కోసం కూర్చున్న రోజు, అమ్మకు ఒళ్లంతా చెమటలు పట్టాయి. ఆమెకు చెమటలు కొత్త కాదు. నలభై నిండకముందే ముట్టు ఆగిపోయింది. అప్పటి నుంచి ఉన్నట్టుండి ఒళ్లు వేడెక్కి, కొంగుతో విసురుకునేది. తండ్రి బిడ్డకు రాసే మాటలు కావివి. అయినా రాయక తప్పదు.

అమ్మ కుప్ప పక్కన ఒరిగిపోతే, పక్క రైతు హన్మాండ్లు, నేను ఆటోలో వేసుకొని దవాఖానకు పోయాం. తర్వాత పెద్ద డాక్టరమ్మ నన్ను పిలిచి, అంత తొందరగా ముట్టు ఆగితే ఎవరికైనా చూపించారా అని అడిగింది. లేదని చెప్పాను. ముట్టు వచ్చినన్నాళ్లు ఒంట్లో ఊరే హార్మోన్ గుండె నాళాలకు కొంత కాపుగా ఉంటుందట. అది తగ్గాక బీపీ, కొవ్వు పెరిగే అవకాశం ఎక్కువట. తొందరగా ఆగినవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలట. మేమేమో సంతోషపడ్డాం. పసుపు ఉడకబెట్టేటప్పుడు ముట్టని చెప్పి ఆమెను దూరం కూర్చోబెట్టే బాధ తప్పింది, అన్ని రోజులూ పనికి వస్తదని అనుకున్నాను.

నీకు చెప్పని మాట ఇంకొకటుంది. పడిపోకముందే అమ్మ నా దగ్గరకు వచ్చింది.

"గిది రోజొచ్చే వేడి గాదు. దవడ గుంజుతున్నది, వీపు మీద బరువు వెట్టినట్టున్నది. జర దవాఖానకు తోల్కపో" అంది.

"ముట్టు ఆగిన ఆడోళ్లకు గిట్లనే అయితది. బేరం గానియ్యి, పోదాం. గా నీడకు కూసో" అన్నాను.

ఆమె పోయి కుప్ప పక్క నీడలో కూర్చుంది. నేను పసుపు కొమ్ములు విరిచి వ్యాపారికి రంగు చూపిస్తూ నిలబడ్డాను. ముందే తెస్తే గుండె ఇంత దెబ్బతినేది కాదని డాక్టరమ్మ అంది. ఇప్పుడు బిందె కూడా ఎత్తలేకపోతున్నది.

నిన్న పొద్దున మందులిస్తూ, తప్పు నాదేనని ఆమెతో అన్నాను. ఆమె మాత్ర మింగి గ్లాసు పక్కన పెట్టింది.

"నాకు జెప్పుడెందుకు? నాకు ఎర్కనే గదా. మానసకు రాయి. ముట్టు ఎనకముందైనా, పానం బాగలేకున్నా, అదే లేసి దవాఖానకు పొమ్మను. మొగోని తీరిక సూడొద్దను" అంది.

అందుకే రాశాను. జవాబు నా పేరున వద్దు, అమ్మ పేరున రాయి. అందులో నన్ను ఎంత మాటన్నా, ఒక్క ముక్క దాచకుండా ఆమెకు చదివి వినిపిస్తాను.

ఇట్లు,
మీ బాపు,
భూమేశ్వర్