సందు వేరు, వదులు వేరు

సుజాతా,

నువ్వు చనిపోయి నేటికి ఏడాది. పోలండు మిషన్ల పుస్తకాలను ఇంగ్లీషులోకి మార్చే నీ పని ఇప్పుడు ఇంకెవరో చేస్తున్నారు. నాకు భయంగా ఉంది బిడ్డా.

శంషాబాద్ కంపెనీలో నీ చెల్లె లత నడిపే రేకులొత్తే ప్రెస్సు మిషను కొత్తది. నిన్న దాని పుస్తకం చదివి, "బోల్టులు లూజ్ చెయ్యాల్నట అమ్మా" అన్నది. పక్కనే పోలిష్‌లో ఉన్న మాట 'లూస్' అట; నీ చోట వచ్చినవాళ్లు దాన్నే లూజ్ అనుకున్నట్టున్నారు. ఆ మాట కోసమే కదా, బండి ఇరుసుకూ చక్రానికీ నడుమ ఉంచేదాన్ని ఏమంటారని నువ్వు నన్ను అడిగావు! సందు అన్నాను. సందు ఉంటే చక్రం తిరుగుతుంది, వదులైతే ఊడుతుంది.

పొద్దున్నే లతతో వచ్చి, పుస్తకంలో ఆ మాట తప్పని గేటు దగ్గర సూపర్‌వైజరును నిలదీశాను.

"చదువే రాదు గదా అవ్వా, పోలిష్ ఏడ నేర్చినవ్?"

"ఎడ్లబండి తోలి నేర్చిన. బోల్టు ఊడితే ఎవల చెయ్యి పోతదిరా, నీదా?"

అతని నవ్వు ఆగింది. పోలండుకు ఫోన్ చేస్తానన్నాడు. అక్కడ ఇంకా తెల్లవారలేదట. లోపలి నుంచి లతను పిలుస్తూనే ఉన్నారు.

ఈ ఉత్తరం లతతోనే, గేటు బయట కూర్చోబెట్టి రాయిస్తున్నాను. రాస్తున్నంతసేపు ఆ చెయ్యి నా కళ్ల ముందుంటుంది. ఇంకా చాలా చెప్పాలి నీకు.