ఇవ్వని వాము పొట్లం

అక్కా,

ఇవాళ రక్తం ఇచ్చొచ్చాను. అమ్మనీ నిన్నూ తీసుకుపోయిన అండాశయం క్యాన్సర్ నాకూ వచ్చే వీలుందేమో చూస్తారట. ఫలితానికి నెల పడుతుందట. అప్పటిదాకా కుదురుగా కూర్చోవడం నావల్ల కాక, కొట్లో బిల్లుల కంప్యూటర్ మీద నీకు టైపు చేస్తున్నాను.

డాక్టరమ్మని ఒకటే అడిగాను. "మా అక్క కడుపుబ్బరమంటే ఆర్నెల్లు మా కొట్లో వామే ఇచ్చాను. నానే ఆలస్యం సేసేశానా?"

"ఉబ్బరం రావడానికి ఎన్నో ఏళ్ల ముందే కణంలో మార్పు మొదలైపోద్దమ్మా. కొందరికి జన్యువులో తప్పు పుట్టుకతోనే వస్తది. ఇంకొన్ని జన్యువులు బాగానే ఉంటాయి, పని చెయ్యకుండా మూతపడిపోతాయి. కొట్లో సరుకుండీ షట్టర్ దించేసినట్టు."

వాము సంగతి మాత్రం ఏమీ అనలేదు.

నా రక్తంలో ఆ తప్పు ఉంటే నీ కూతురికీ చూడాలట. దానికింకా చెప్పలేదు.

ఆస్పత్రి నుంచి వన్ టౌన్ వచ్చి కొట్టు తెరిచేసరికి చేపలమ్మే నూకాలమ్మత్త నిలబడి ఉంది.

"నెల్రోజుల్నుంచి కడుపుబ్బరమే. వాము కట్టవే."

"కట్టను. ముందు డాక్టరుకి సూపించుకో అత్తా."

"ఏటే, కొట్టెట్టుకుని వాము లేదంటావేటి?"

"ఉంది. నీకివ్వను."

తిట్టుకుంటూ పక్క కొట్టుకి బయల్దేరింది. షట్టర్ దించేసి, చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించాను. పొద్దున్న నేను వెళ్లిన ఆస్పత్రికే. దారంతా నన్ను తిడుతూనే ఉంది.

నేను వామిచ్చిన ఆర్నెల్లూ నువ్వు నన్నొక్క మాట అనలేదక్కా.